వృత్తి గడిలో పరిశోధకుడు ఏం రాయాలి?

బ్యాంకులో ఫారం నింపుతున్నప్పుడు ‘వృత్తి’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పీహెచ్‌డీ స్కాలర్ కలం ఆగిపోతుంది. విద్యార్థి అని రాస్తే అప్పు పుట్టదు. ఉద్యోగి అని రాస్తే పే స్లిప్ తెమ్మంటారు. ఆ మనిషికి ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. పొద్దున్నే ల్యాబుకు వెళ్లి హాజరు పట్టీలో సంతకం పెడతాడు. ఏడాదికి ఇన్ని సెలవులే అన్న లెక్క ఉంటుంది. నెలకు వచ్చే ఫెలోషిప్‌లో ఇంటద్దె భత్యం కూడా ఉంటుంది. చూడబోతే ఉద్యోగమే. కానీ పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, ఐదేళ్లు పనిచేసినా గ్రాట్యుటీ లేదు. మెస్ బిల్లు కట్టాలి, ఫీజు కట్టాలి, చివర్లో ‘నో డ్యూస్’ కాగితం పట్టుకుని సెక్షన్ల చుట్టూ తిరగాలి. అప్పుడు మళ్లీ చదువే.

పరిశోధకుల మానసిక ఆరోగ్యం గురించి పదేళ్లుగా ప్రపంచమంతా రాస్తున్నారు. అధ్యయనాలు వచ్చాయి, కోర్టు తీర్పులు వచ్చాయి, క్యాంపసుల్లో కౌన్సెలింగ్ గదులు వచ్చాయి. అన్నిటినీ ఒకచోట పెట్టుకుని చదివితే తిరిగి తిరిగి ఈ గడి దగ్గరికే వస్తున్నాను. ఉద్యోగి మోసే బరువూ విద్యార్థి మోసే బరువూ వీళ్ల మీదే ఉన్నాయి; ఉద్యోగికుండే రక్షణ గానీ విద్యార్థికుండే వెసులుబాటు గానీ వీళ్లకు లేవు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) తెచ్చుకున్నవాళ్లు, ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరినవాళ్లు, ప్రాజెక్టు స్టాఫ్, పోస్ట్‌డాక్‌లు, అందరిదీ ఇదే కథ. వీళ్ల మనసు కుదుటపడాలంటే ముందు బాగుపడాల్సింది పని పరిస్థితులు. కౌన్సెలర్ అవసరమే, కానీ ఆ తర్వాత.

ముందు లెక్కలు చూద్దాం. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులను పరిశీలించిన కాటియా లెవెక్ బృందం తన ఫలితాలను 2017లో ప్రచురించింది. నిద్ర పడుతోందా, ఎడతెగని ఒత్తిడి ఉందా, చేసే పనిమీద మనసు నిలుస్తోందా లాంటి పన్నెండు ప్రశ్నలు అడిగారు. సగం మందిలో కనీసం రెండు లక్షణాలు కనిపించాయి. 32 శాతం మంది డిప్రెషన్ లాంటి రుగ్మతకు లోనయ్యే ప్రమాదంలో ఉన్నారు. అంతే చదువు చదివి బయట బతుకుతున్నవాళ్లతో పోలిస్తే ఈ ప్రమాదం రెట్టింపుకు పైనే. మరుసటి ఏడాది 26 దేశాల్లోని 2,279 మందితో మరో సర్వే వచ్చింది. అందులో 41 శాతం మందికి తీవ్రమైన లేదా ఒక మోస్తరు ఆందోళన, 39 శాతం మందికి అదే స్థాయి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. పత్రికలు ఎక్కువగా వాడుకున్నది ఈ రెండో లెక్కనే.

నాకు మాత్రం దానిమీద కాస్త అనుమానం. సోషల్ మీడియాలో, ఈమెయిళ్లలో ప్రశ్నావళి పంపి, నింపినవాళ్ల జవాబులను లెక్కేశారు. బాధలో ఉన్నవాడే అలాంటి ప్రశ్నావళిని చివరిదాకా నింపుతాడు. 2021లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో డిప్రెషన్ లక్షణాలు 24 శాతం, ఆందోళన 17 శాతం దగ్గర తేలాయి. అది కూడా తక్కువేం కాదు, నలుగురిలో ఒకరు. సమస్య పెద్దదని చెప్పడానికి ఉన్నదాన్ని పెంచి చూపక్కర్లేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది స్వీడన్ నుంచి 2024లో వచ్చిన అధ్యయనం. అక్కడి పరిశోధకులు ఎవరినీ ప్రశ్నలు అడగలేదు. దేశంలో ఎవరికి ఏ మందు రాశారో ప్రభుత్వం దగ్గర ఉండే రికార్డులను, పీహెచ్‌డీ చేసినవాళ్ల జాబితాతో కలిపి చూశారు. కోర్సులో చేరకముందు మానసిక సమస్యలకు మందులు వాడే విషయంలో వీళ్లకూ, ఎంఏ, ఎంఎస్సీ స్థాయితో ఆపేసినవాళ్లకూ పెద్ద తేడా లేదు. చేరిన తర్వాత ఏడాదికేడాదికీ వాడకం పెరుగుతూ వచ్చింది. ఐదో ఏడాదికి వచ్చేసరికి, చేరకముందుతో పోలిస్తే 40 శాతం పెరిగింది. ఆ తర్వాత తగ్గింది. ‘బలహీనమైన మనసున్నవాళ్లే పరిశోధనకు వస్తారు’ అని పెద్దలు కొందరు అంటుంటారు. ఈ రికార్డుల ముందు ఆ మాట నిలవదు. మనిషి మామూలుగానే వస్తున్నాడు, లోపలికి వచ్చాకే మందు అవసరమవుతోంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. స్వీడన్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు చాలావరకు జీతం, సెలవులు, పింఛను లెక్క అన్నీ ఉంటాయి. అక్కడ వృత్తి గడిలో ఉద్యోగి అనే రాస్తారు. అయినా ఇంత భారం పడుతోంది. కాబట్టి డబ్బు సరిపెడితే అంతా సర్దుకుంటుందని నేను అనను. అదే అధ్యయనంలో వైద్య రంగంలో పీహెచ్‌డీ చేసేవాళ్లలో ఈ పెరుగుదల కనిపించలేదు. కారణం చెప్పమంటే నా ఊహ చెబుతాను: వాళ్లలో చాలామందికి చేతిలో వేరే వృత్తి ఉంది. థీసిస్ మునిగినా జీవితం మునగదన్న ధైర్యం ఉంది. మిగతావాళ్లకు లేనిది ఆ ధైర్యమే.

మన దగ్గరికి వస్తే లెక్కే లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో ఇంటర్ కుర్రాడూ ఉన్నాడు, ఐదో ఏడాది పీహెచ్‌డీ స్కాలరూ ఉన్నాడు. పరిశోధకులకు విడిగా గడి లేదు. ప్రాజెక్టు అసిస్టెంటుగా పనిచేస్తూ పోయినవాడు విద్యార్థుల లెక్కలోకి వస్తాడో, ఉద్యోగుల లెక్కలోకి వస్తాడో ఆ కాగితం రాసిన పోలీసు స్టేషన్‌కే తెలియాలి. బ్యాంకు ఫారంలో మొదలైన తికమక మరణం తర్వాత కూడా వదలడం లేదు.

ఇక డబ్బు. దీని గురించి వివరంగానే మాట్లాడాలి, ఎందుకంటే మానసిక ఆరోగ్యం మీద జరిగే సదస్సుల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) 42,000. అంతకుముందు 31,000, 35,000 ఉండేవి. స్కాలర్లు ఢిల్లీ దాకా వెళ్లి ధర్నాలు చేస్తే తప్ప ఈ అంకెలు కదలవు. నెట్ పరీక్ష అర్హత లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్లకు వచ్చేది నెలకు 8,000. దాన్ని కూడా తీసేయాలని 2015 అక్టోబర్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిర్ణయిస్తే, విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందే నెలల తరబడి బైఠాయించి నిలబెట్టుకున్నారు. ఆ ఎనిమిది వేలు చేతిలో పెట్టుకుని హైదరాబాద్‌లో ఒక గది అద్దె, రెండు పూటల భోజనం లెక్కేసి చూడండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరి, పగలు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ రాత్రి థీసిస్ రాసుకునేవాళ్ల సంగతి ఇంకో వ్యాసం అవుతుంది.

ఎంత వస్తోందన్నది ఒక బాధ, ఎప్పుడు వస్తోందన్నది అంతకన్నా పెద్ద బాధ. యూజీసీ ఫెలోషిప్ రావాలంటే స్కాలర్ ఆ నెల పనిచేశాడని విశ్వవిద్యాలయం పోర్టల్‌లో నిర్ధారించాలి. గైడ్ సంతకం కావాలి, విభాగం నుంచి కాగితం కదలాలి, సెక్షన్‌లో గుమస్తా దాన్ని ఎక్కించాలి, పై అధికారి ఆమోదించాలి. ఈ గొలుసులో ఒక్కరు సెలవు పెట్టినా ఆ నెల డబ్బు ఆగుతుంది. జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మారే దగ్గర ఇంకో ఆగడం. నెలల తరబడి రాక, ఒక్కసారిగా బకాయిలు పడతాయి. ఈలోగా తోటి స్కాలర్ దగ్గర అప్పు, మెస్‌లో బాకీ, ఇంటికి పంపాల్సిన డబ్బు గురించి అబద్ధం. తల్లిదండ్రులకు ‘కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్’ అంటే జీతమే. ‘ఈ నెల రాలేదమ్మా’ అని ఎన్ని నెలలు చెప్పగలడు?

2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించినప్పుడు దేశమంతా కులం గురించి, క్యాంపస్ రాజకీయాల గురించి, హాస్టల్ నుంచి వెలివేత గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. ఒక మరణానికి ఒకటే కారణం వెతకడం తప్పు కూడా. కానీ అతను రాసి వెళ్లిన ఉత్తరంలో ఒక లెక్క ఉంది: తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు. నెలకు 25,000 చొప్పున ఏడు నెలలు. ఆ డబ్బును తన కుటుంబానికి అందేలా చూడమని, అందులోంచి ఒక స్నేహితుడి బాకీ తీర్చమని అడిగాడు. చివరి ఉత్తరంలో ఒక మనిషి బకాయి లెక్క రాయాల్సి వచ్చిందంటే ఆ బకాయి ఆ ఏడు నెలలూ అతని మనసులో ఎక్కడ కూర్చుందో ఊహించుకోవచ్చు. దాన్ని అకౌంట్స్ సెక్షన్ విషయమని పక్కన పెట్టడానికి నా మనసు ఒప్పదు.

గడువులో కూడా ఒక గుంట ఉంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు, మహిళలకు, దివ్యాంగులకు ఆపైన మరో రెండేళ్లు. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లతో ఆఖరు. అంటే థీసిస్ రాసి, సినాప్సిస్ ఇచ్చి, పరీక్షకుల నివేదికల కోసం కాచుకుని, వైవా దాకా వెళ్లాల్సిన అసలు కాలంలోనే చేతిలో పైసా ఉండదు. స్వీడన్‌లో మందుల వాడకం శిఖరానికి చేరిందీ ఐదో ఏడే. అక్కడ ఆ ఏడాది జీతం ఉంటుంది, ఇక్కడ ఆ ఏడాదితో ఫెలోషిప్ ఆగిపోతుంది.

2022 డిసెంబర్‌లో కేంద్రం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఎత్తేసింది. మైనారిటీ వర్గాల నుంచి మొదటి తరంలో పరిశోధనకు వచ్చినవాళ్లకు అది ఆధారం. అలాంటి నిర్ణయం వెలువడిన రోజున ఏ కౌన్సెలింగ్ కేంద్రం ముందైనా క్యూ కట్టినవాళ్లకు శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పి పంపితే, అది వైద్యమా?

డబ్బు తర్వాత గైడ్. వరసలో తర్వాత చెబుతున్నాను గానీ చాలామంది జీవితాల్లో ముందు వచ్చేది గైడే. స్కాలర్ల మధ్య మొదటి పరిచయంలో ‘టాపిక్ ఏంటి’ అన్న ప్రశ్న తర్వాత ‘గైడ్ ఎవరు’ అని అడుగుతారు. జవాబు విన్నాక అవతలివాళ్ల ముఖంలో వచ్చే మార్పును బట్టి ఆ ఐదేళ్లు ఎలా ఉంటాయో తెలిసిపోతుంది. మంచి గైడ్ దొరికిన స్కాలర్ ఆయన్ని జీవితాంతం తలుచుకుంటాడు, పిల్లలకు పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మరోవైపు, ఒకే మనిషి చేతిలో హాజరు, ఫెలోషిప్ సంతకం, సెలవు, ల్యాబు తాళం, పేపర్‌లో పేరు ఎక్కడ ఉండాలన్న నిర్ణయం, థీసిస్ ఆమోదం, రేపటి సిఫార్సు లేఖ అన్నీ ఉన్నాయి. ఏ ఆఫీసులోనూ ఒక పై అధికారికి ఒక కింది ఉద్యోగి మీద ఇంత అధికారం ఉండదు. ఆఫీసులో అయితే బదిలీ ఉంటుంది, యూనియన్ ఉంటుంది, మానేసి ఇంకోచోట చేరే దారి ఉంటుంది. నాలుగో ఏట గైడ్‌ను మార్చుకున్న స్కాలర్‌కు నాలుగేళ్ల పనీ పోతుంది.

నిబంధనల్లో దీనికి ఒక మందు ఉంది. ప్రతి స్కాలర్‌కూ ఒక పరిశోధన సలహా సంఘం ఉండాలి, ప్రతి సెమిస్టర్‌లో స్కాలర్ దాని ముందుకు వచ్చి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. మంచిదే. కానీ ఆ సంఘానికి కన్వీనర్ ఎవరు? గైడే. గైడ్ మీద ఫిర్యాదు చెప్పుకోవాలంటే గైడ్ పిలిచిన మీటింగ్‌లో, గైడ్ ఎదురుగా చెప్పాలి. ఈ ఒక్క వాక్యాన్ని మార్చడానికి పైసా ఖర్చు లేదు. సలహా సంఘం స్కాలర్‌తో ఏడాదికోసారైనా గైడ్ లేకుండా మాట్లాడాలి అని రాస్తే చాలు. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదన్న నియమం కూడా ఉంది. ఖాళీలు నింపని విశ్వవిద్యాలయాల్లో ఈ నియమం ఇంకో రకంగా కొడుతుంది: సీటు వచ్చినా గైడ్ దొరకడు, దొరికినవాడికి స్కాలర్ ఎంచుకున్న విషయంలో పట్టు ఉండదు.

గైడ్ ప్రవర్తనను డబ్బుతో ముడిపెట్టిన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. అక్కడ వైద్య పరిశోధనకు పెద్ద ఎత్తున నిధులిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ 2018లో ఒక విధానం తెచ్చింది: కింద పనిచేసేవాళ్లను వేధించినట్టు తేలితే గ్రాంటు పోతుంది. అదే ఏడాది లండన్‌లో పేరు మోసిన ఒక క్యాన్సర్ జన్యుశాస్త్రవేత్త మీద వచ్చిన ఫిర్యాదుల తర్వాత 35 లక్షల పౌండ్ల గ్రాంటును వెనక్కి తీసుకుంది. 2020లో అదే సంస్థ నాలుగు వేలకు పైగా పరిశోధకులను అడిగితే 43 శాతం మంది తాము వేధింపులకో బెదిరింపులకో గురయ్యామన్నారు. 61 శాతం మంది కళ్లారా చూశామన్నారు. 34 శాతం మంది అప్పటికే డిప్రెషన్‌కో ఆందోళనకో వైద్యసాయం తీసుకున్నారు. మన నిధుల సంస్థలు ప్రాజెక్టు మంజూరు చేసేటప్పుడు పరికరాల కొటేషన్లు మూడు అడుగుతాయి. ఇంతకుముందు నీ దగ్గర చేరినవాళ్లు ఎంతమంది, పూర్తి చేసినవాళ్లు ఎంతమంది, మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది అని కూడా అడగాలి.

పరిశోధనలో సహజంగానే ఉండే కష్టం కూడా ఒకటుంది. దాన్ని ఎవరూ తీసేయలేరు. ఆరు నెలలు పెంచిన కణాలు ఒక్క రాత్రిలో కలుషితమైపోతాయి. రెండేళ్లు తిరిగి సేకరించిన తాళపత్ర పాఠాన్ని ఎవరో అప్పటికే పరిష్కరించి అచ్చేశారని తెలుస్తుంది. తీరా ఫలితం వచ్చాక, ఇంకో దేశంలో ఇంకో ల్యాబు అదే ఫలితాన్ని వారం ముందు ప్రచురిస్తుంది. ఈ నిరాశను తట్టుకోవడం ఈ పనిలో భాగమే. దాన్ని తట్టుకోవాలంటే కింద నేల గట్టిగా ఉండాలి. ప్రయోగం పోయినా నెల జీతం వస్తుందనీ, గైడ్ తిట్టడనీ, ఇంకో ఏడాది గడువుందనీ తెలిస్తే మనిషి మర్నాడు మళ్లీ ల్యాబుకు వెళ్తాడు.

కష్టాన్ని తట్టుకుని గొప్పవాళ్లయినవాళ్ల కథలు మనకు ఇష్టం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేస్తూ చదువుకున్నాడు. కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చిన పనిలో సైరస్ ఫిస్కేతో కలిసి పాలుపంచుకున్నాడు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో విసిగి లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లాక ఆయన నాయకత్వంలో వచ్చిన మందులు కోట్లమంది ప్రాణాలు నిలిపాయి. 1948లో, యాభై మూడేళ్లకే చనిపోయాడు. ఈ కథను మన స్కూళ్లలో పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నాకైతే అందులో పదిహేడేళ్ల అభద్రత కనిపిస్తుంది. కంపెనీలో ఒక స్థిరమైన చోటు, ఒక జట్టు, నిధులు దొరికిన ఎనిమిదేళ్లలో ఆయన చేసిన పని చూస్తే, ఆ పదిహేడేళ్లూ అవే ఉండి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. ఆయన కష్టం ఆయన్ని గొప్పవాణ్ని చేసిందనడం హార్వర్డ్ తప్పును ఆయన గొప్పతనం కింద దాచేయడమే.

ఆ అభద్రత ఇప్పటికీ పోలేదు. జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు మాత్రమే తాత్కాలిక ఒప్పందాల మీద పనిచేయొచ్చు. ఆ తర్వాత ప్రొఫెసర్ కావాలి లేదా వెళ్లిపోవాలి. ఈ పద్ధతిని సమర్థిస్తూ అక్కడి ప్రభుత్వం హన్నా అనే ఊహాజనిత పరిశోధకురాలితో ఒక బొమ్మల వీడియో చేసింది. ఒక తరం కుర్చీలన్నీ ఆక్రమించి దారి మూసేయకూడదని అందులో అన్నారు. 2021 జూన్‌లో వేలాది పరిశోధకులు ‘నేనే హన్నాని’ అంటూ సొంత పేర్లతో, సొంత కథలతో బయటికొచ్చారు. మన దగ్గర ప్రాజెక్టు స్టాఫ్ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. ప్రాజెక్టు మూడేళ్లు, ఒప్పందం ఏడాదికోసారి, ఎక్స్‌టెన్షన్ కాగితం ఆఖరి రోజు దాకా రాదు. సంస్థ ఐడీ కార్డు ఉంటుంది, సంస్థ ఆసుపత్రిలో వైద్యం ఉంటుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

ఇవన్నీ అందరి మీదా ఒకేలా పడవు. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప దాటిన దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలు సెమినార్ గదిలో ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వచ్చినప్పుడు గొంతులో పడే ముడిని కౌన్సెలింగ్ భాషలో ‘ఆత్మవిశ్వాస లోపం’ అంటారు. అది లోపం కాదు. ఆ గదిలో తమను ఎవరు ఎలా చూస్తున్నారో ఆ పిల్లలకు బాగా తెలుసు. వివక్షను అరికట్టడానికి యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. వాటిని అమలు చేయండని అడుగుతూ 2019లో రోహిత్ తల్లి రాధిక, ముంబైలో మరణించిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబేదా సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఆడవాళ్లకు ఇంటి నుంచి ఇంకో ఒత్తిడి ఉంటుంది. ‘థీసిస్ ఎప్పుడు’ అన్న ప్రశ్న వాళ్లకు ‘పెళ్లెప్పుడు’ అన్న ప్రశ్నతో కలిసి వస్తుంది. నిబంధనల్లో ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఉంది. దాన్ని వాడుకుంటే గైడ్ ఏమనుకుంటాడో అన్న భయమూ ఉంది.

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలకు వీసా ఇంకో తాడు. అక్కడ గైడ్‌తో చెడితే నిధులు పోతాయి, నిధులు పోతే సీటు, సీటు పోతే దేశంలో ఉండే హక్కు. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేరు, వాళ్ల దృష్టిలో అమెరికా చేరడంతోనే కష్టాలు తీరిపోయాయి.

ఇప్పుడు సంస్థలు ఏం చేస్తున్నాయో చూద్దాం. 2021లో విద్యార్థుల వరుస మరణాల తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ హాస్టల్ గదుల్లో సీలింగ్ ఫ్యాన్లు తీసేయడం మొదలుపెట్టింది. ఆత్మహత్యకు సాధనాన్ని దూరం చేస్తే ప్రాణాలు నిలుస్తాయన్నది వైద్యులు ఒప్పుకున్న మాటే. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయితే ఫ్యాను తీసేయడంతో పాటు ఆ గదిలో ఉన్న మనిషితో మాట్లాడారా, అతని గైడ్‌తో మాట్లాడారా అన్నదే అక్కడి విద్యార్థులు అడిగిన ప్రశ్న, నాదీ అదే. అదే సంస్థలో వెల్‌నెస్ సెంటర్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ‘సన్‌షైన్’ పేరుతో కౌన్సెలింగ్ విభాగం ఉంది. ఇవి పెద్ద సంస్థలు. జిల్లాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల సైకాలజీ విభాగంలో ఎవరో ఒకరికి అదనపు బాధ్యత అప్పగించడమే జరుగుతోంది.

కోర్టులు కదిలాయి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మాజీ న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళం వేసింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి వేసిన కేసులో అదే ఏడాది జూలైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి అన్నవి వాటిలో ఉన్నాయి. ఈ మార్గదర్శకాలన్నీ ‘విద్యార్థి’ని దృష్టిలో పెట్టుకున్నవి. పోస్ట్‌డాక్, ప్రాజెక్టు అసోసియేట్ విద్యార్థులా? మళ్లీ ఆ గడే.

కౌన్సెలర్‌ను పెట్టినంత మాత్రాన స్కాలర్ వెళ్తాడని కూడా కాదు. ఆ గది పరిపాలనా భవనంలో, డీన్ ఆఫీసు పక్కన ఉంటే ఎవరు వెళ్తారు? తను చెప్పింది గైడ్ చెవిన పడదన్న నమ్మకం కావాలి. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేడని, మానసిక సమస్య ఉన్నవాళ్లలో అత్యధికులకు వైద్యమే అందడం లేదని 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. అందుకే ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ లాంటివి అవసరం. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ సేవ నంబరు 14416. రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఎవరికైనా, లేదా మీ పక్క గదిలో ఎవరికైనా మనసు బాగా బరువెక్కి ఉంటే దయచేసి ఆగకుండా ఫోన్ చేయండి. కేసు అవుతుందన్న భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూసి సాయం చేయాలంటుంది, శిక్షించాలనదు.

వేరేచోట్ల ఏం పనిచేసింది? నిజం చెప్పాలంటే వర్క్‌షాపులు, యోగా తరగతులు, యాప్‌లు పరిశోధకుల బాధను ఎంత తగ్గించాయో చూపే గట్టి రుజువులు తక్కువ. పని పరిస్థితుల్ని మార్చిన చోట ఫలితం కంటికి కనిపిస్తుంది. 2022 నవంబర్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 48,000 మంది పరిశోధక విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు, టీచింగ్ అసిస్టెంట్లు సమ్మెకు దిగారు. ఆరు వారాల దాకా సాగిన ఆ సమ్మె తర్వాత వేతనాలు పెరిగాయి, పిల్లల సంరక్షణకు సాయం, వేధింపుల మీద రక్షణ ఒప్పందంలోకి ఎక్కాయి. బ్రిటన్ 2019లో సవరించిన ఒడంబడికలో ప్రతి పరిశోధకుడికీ ఏడాదికి పది రోజులు సొంత ఎదుగుదలకు కేటాయించాలని రాసుకున్నారు. ల్యాబు బయట కూడా బతుకు ఉందని తెలుసుకోవడానికి ఆ పది రోజులు. ఫ్లాండర్స్ అధ్యయనంలో కూడా బయట ఉద్యోగావకాశాల మీద నమ్మకం ఉన్నవాళ్ల మనసు మెరుగ్గా ఉంది. మన దగ్గర పీహెచ్‌డీ వదిలేసినవాణ్ని ఫెయిలయినవాడిగా చూస్తాం. ఎంఫిల్ ఉన్నప్పుడు అదొక గౌరవమైన మజిలీగా ఉండేది, ఇప్పుడు దాన్నీ ఎత్తేశారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని వైస్ ఛాన్సలర్లకు, హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థల డైరెక్టర్లకు నేను చేసే విన్నపం చిన్నది. మీ సంస్థలో ఈ నెల ఎంతమందికి ఫెలోషిప్ అందింది, ఎంతమందికి అందలేదు, అందనివాళ్ల ఫైలు ఏ బల్ల మీద ఎన్ని రోజులుగా ఉంది అన్నది ప్రతి నెలా మొదటి వారంలో మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఈ ఏడాది పరిశోధన మధ్యలో వదిలి వెళ్లినవాళ్లు ఎంతమందో, వెళ్లేముందు వాళ్లతో గైడ్ కాకుండా ఇంకెవరైనా మాట్లాడారో లేదో దాని కిందే రాయండి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచే మొదలుపెట్టొచ్చు.